నీరు, ఉప్పు, విద్యుత్తు

గాఢమైన ఉప్పునీటిలో విద్యుత్తును ప్రసరింపజేసినప్పుడు ఏయే పదార్థాలు వెలువడతాయో మన విద్యార్థులందరికీ కంఠస్థమే. కాథోడు వద్ద హైడ్రోజన్, ఆనోడు వద్ద క్లోరిన్, పాత్రలో మిగిలేది సోడియం హైడ్రాక్సైడు. అయితే ఈ సంవత్సరం ప్రయోగశాలలో ఒక విద్యార్థి మమ్ములను అడిగిన ప్రశ్న పాఠ్యపుస్తకపు అంచులను దాటిపోయింది. "సార్, మనం నీటిలో వేసింది సోడియం క్లోరైడు. క్లోరిన్ వచ్చింది, బాగానే ఉన్నది. సోడియం రావలసిన చోట హైడ్రోజన్ ఎందుకు వచ్చింది? నీరు మధ్యలో ఎందుకు దూరింది?"

తోటి విద్యార్థులు నవ్వినారు. మేము నవ్వలేకపోయినాము. ఎందుకంటే ఆ ప్రశ్నలో ఒక పొరపాటు ఉన్నది, ఆ పొరపాటు మా బోధన నుండి వచ్చినదే. ద్రావణిని మేము ఎప్పుడూ ఒక ఖాళీ రంగస్థలంగా చూపించినాము. నాటకమంతా అయాన్లది, నీరు కేవలం వేదిక అన్నట్లుగా నల్లబల్లపై సమీకరణాలు వ్రాసినాము. నిజానికి నీరు మధ్యలో దూరలేదు, మొదటి నుండీ అక్కడే ఉన్నది. ఒక లీటరు నీటిలో 55 మోల్‌లకు పైగా నీటి అణువులు ఉంటాయి. మనం వేసే లవణం ఒకటి రెండు మోల్‌లు. ఇంతమంది ఉన్న సభలో వారి మాట చెల్లకుండా ఎట్లా ఉంటుంది?

మొదట విద్యుత్తు అసలు ఎట్లా ప్రవహిస్తుందో చూద్దాము. అత్యంత శుద్ధమైన నీటిని ఒక సెంటీమీటరు భుజం గల ఘనంగా ఊహించుకుంటే, 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద దాని నిరోధం సుమారు 1 కోటి 80 లక్షల ఓములు. అదే ఘనంలో 0.1 మోలార్ పొటాషియం క్లోరైడు ద్రావణం ఉంటే నిరోధం సుమారు 78 ఓములు మాత్రమే. నీరు తానుగా విద్యుత్తును దాదాపు మోయదు, మోసేవి అయాన్లు. కాని ఆ అయాన్లను ఒకదాని నుండి ఒకటి విడదీసి పెట్టేది నీరే. ధనావేశానికీ రుణావేశానికీ నడుమ ఉండే ఆకర్షణను శూన్యంలో ఉన్న దానిలో 78వ వంతుకు నీరు తగ్గిస్తుంది. దీనినే రోధక స్థిరాంకం అంటారు. (ఇక్కడి 78కీ, పైన చెప్పిన 78 ఓములకూ ఏ సంబంధమూ లేదు, అది కేవలం యాదృచ్ఛికం. పరీక్షలో రెండింటినీ కలిపి వ్రాయవద్దని మనవి.) ఈ స్థిరాంకం ఇథైల్ ఆల్కహాలుకు సుమారు 24, బెంజీనుకు 2.3. అందుకే ఉప్పు బెంజీనులో కరగదు. తక్కువ స్థిరాంకం గల ద్రావణిలో ఏదైనా లవణం కరిగినా, అయాన్లు జంటలు జంటలుగా అతుక్కొని తిరుగుతాయి. జంటకు మొత్తం మీద ఆవేశం లేదు గనుక అది విద్యుత్తును మోయలేదు.

ఉర్దూలో ద్రావణాన్ని 'మహ్లూల్' అంటాము. కరిగించడానికీ, చిక్కుముడి విప్పడానికీ, సమస్యను పరిష్కరించడానికీ 'హల్' అన్న ఒకే మాట మూలం. నీరు లవణానికి చేసే పని ఖచ్చితంగా ఇదే: ముడి విప్పడం.

విప్పిన తరువాత నీరు ఊరుకోదు. ప్రతి అయానునూ చుట్టుముట్టి, దానితో కూడా నడుస్తుంది, పెండ్లికుమారుని వెంట బరాత్ నడిచినట్లు. దీని ఫలితం ఒకటి విచిత్రంగా ఉంటుంది. లిథియం, సోడియం, పొటాషియం అయాన్లలో అతి చిన్నది లిథియం. చిన్నది గనుక వేగంగా పోవాలని మనం అనుకుంటాము. కాని నీటిలో వాటి మోలార్ వాహకతలు వరుసగా 38.7, 50.1, 73.5. అతి చిన్న అయాను అందరి కన్నా నెమ్మది. దాని ఆవేశం చిన్న చోట కేంద్రీకృతమై ఉన్నందున నీటి అణువులను గట్టిగా పట్టుకొని, ఆ పెద్ద గుంపును ఈడ్చుకొంటూ పోవలసి వస్తుంది.

ఇక విద్యార్థి అడిగిన సోడియం సంగతి. ఈ ప్రశ్నకు సమాధానం కోసం 1807లో సర్ హంఫ్రీ డేవీ లండనులో తన చేతులు కాల్చుకున్నంత పని చేసినాడు. పొటాష్‌ను నీటిలో కరిగించి బలమైన బ్యాటరీతో విద్యుత్తును పంపితే అతనికి దొరికినవి హైడ్రోజన్, ఆక్సిజన్ మాత్రమే. అంటే కరిగినది చెక్కుచెదరలేదు, కరిగించినది విచ్ఛిన్నమైంది. పూర్తిగా ఎండిన పొటాష్ తీసుకుంటే విద్యుత్తు పారలేదు. చివరకు ఆ ఘనపదార్థాన్ని గాలిలో కొద్దిసేపు ఉంచి, పైపొర కాస్త చెమ్మగిల్లిన తరువాత విద్యుత్తు పంపినాడు. ఆ పదార్థం కరిగి, పాదరసం వలె మెరిసే చిన్న చిన్న బిందువులు బయటపడి, కొన్ని వెంటనే మంటతో పేలిపోయినాయి. అదే పొటాషియం. కొన్ని దినాలకు సోడియం కూడా అదే విధంగా దొరికింది.

నీరు అడ్డుపడడానికి కారణం సంఖ్యలలో చూడవచ్చును. సోడియం అయాను లోహంగా మారడానికి ప్రమాణ పొటెన్షియల్ -2.71 వోల్టులు. తటస్థమైన నీటి నుండి హైడ్రోజన్ రావడానికి -0.41 వోల్టులు చాలు. కాథోడు పొటెన్షియల్‌ను క్రమంగా దించుకుంటూ పోతే, సోడియం వంతు రాకముందే నీటి వంతు వస్తుంది. ఆనోడు వైపు కూడా ఇట్లాంటి సరిహద్దు ఉన్నది, అక్కడ నీరు ఆక్సిజన్‌గా విచ్ఛిన్నమవుతుంది. ఈ రెండు సరిహద్దుల నడుమ దూరం 1.23 వోల్టులు. ప్రతి ద్రావణికీ ఇటువంటి ఒక కిటికీ ఉంటుంది. ఆ కిటికీలో జరిగే చర్యలను మాత్రమే ఆ ద్రావణిలో మనం హాయిగా చూడగలము. ఆచరణలో కిటికీ కొంత వెడల్పుగానే ఉంటుంది, ఎందుకంటే వాయువులు వెలువడే చర్యలు చాలా ఎలక్ట్రోడుల మీద బద్ధకంగా సాగుతాయి. మన ఇన్వర్టరు బ్యాటరీలో ఒక్కొక్క గది 2 వోల్టులు ఇస్తూ కూడా నీటిని వెంటనే విడగొట్టకుండా ఉన్నదంటే ఆ బద్ధకమే కారణం. ఉప్పునీటిలో ఆనోడు వద్ద ఆక్సిజన్‌కు బదులు క్లోరిన్ రావడానికి కారణం కూడా అదే. ఉప్పును బాగా పలుచన చేసి చూడండి, ఆక్సిజన్ వాటా పెరుగుతుంది. చర్య ఒకటే, పరికరం ఒకటే, లవణం గాఢత మారితే ఫలితం మారింది.

ద్రావణి శుద్ధంగా ఉంటే అంతా సవ్యంగా జరుగుతుందని మన విద్యార్థులలో ఒక నమ్మకం ఉన్నది. ఆ నమ్మకానికి ఫ్లోరిన్ కథ మంచి విరుగుడు. ఫ్లోరిన్‌ను విడదీయాలన్న ప్రయత్నంలో 19వ శతాబ్దంలో కొందరు ఆరోగ్యాన్ని, కొందరు ప్రాణాలనే పోగొట్టుకున్నారు. నీరు కలిసిన హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో విద్యుత్తు పంపితే ఆనోడు వద్ద వచ్చేది ఆక్సిజనే, ఎందుకంటే ఫ్లోరిన్ పొటెన్షియల్ 2.87 వోల్టులు, నీరు దానికి ఎంతో ముందే లొంగిపోతుంది. కాబట్టి నీరు ఉండరాదు. నీరు పూర్తిగా తీసివేసిన హైడ్రోజన్ ఫ్లోరైడు విద్యుత్తును దాదాపు ప్రవహింపనివ్వదు. 1886 జూన్ 26న పారిస్‌లో హెన్రీ మొయిసాన్ నిర్జల హైడ్రోజన్ ఫ్లోరైడులో పొటాషియం లవణాన్ని కరిగించి, ప్లాటినం, ఇరిడియం మిశ్రలోహంతో చేసిన యు ఆకారపు గొట్టంలో చల్లగా ఉంచి విద్యుత్తును పంపి, చివరకు ఫ్లోరిన్‌ను చూచినాడు.

అసలు కథ దీని తరువాత ఉన్నది. ఈ సంగతిని పరీక్షించడానికి ఫ్రెంచి అకాడమీ పెద్దలను కొందరిని నియమించింది. పెద్దలు వస్తున్నారు గదా అని మొయిసాన్ ఆమ్లాన్ని ఇదివరకెన్నడూ లేనంత శ్రద్ధగా శుద్ధి చేసినాడు. వారి ఎదుట మీట నొక్కితే ఏమీ రాలేదు. ఆ పెద్దలు వెళ్ళిన తరువాత గాని అతనికి కారణం బోధపడలేదు: తన మితిమీరిన శుద్ధి వల్ల ఆమ్లంలో పొటాషియం లవణం లేకుండా పోయింది. లవణాన్ని మళ్ళీ కలిపిన తరువాత ప్రయోగం ఫలించింది. మొయిసాన్‌కు 1906లో నోబెల్ బహుమతి లభించింది. ఈనాటికీ పరిశ్రమలలో ఫ్లోరిన్ తయారయ్యేది పొటాషియం ఫ్లోరైడు, హైడ్రోజన్ ఫ్లోరైడుల మిశ్రమం నుండే. ప్రాక్టికల్ పరీక్ష నాడు బయటి పరీక్షకుని ముందు పరికరం మొండికేసినప్పుడు ఏడ్చే మన విద్యార్థులు ఈ కథను జ్ఞాపకం ఉంచుకుంటే మంచిది.

అదే 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ అనే ఇద్దరు యువకులు ఒకరినొకరు ఎరుగకుండా, నీటికి బదులు కరగించిన క్రయోలైటునే ద్రావణిగా వాడి అల్యూమినియంను పొందినారు. ఒక లవణం తానే ద్రావణి కావచ్చునన్నది అక్కడి విశేషం. దానిని గురించి పాఠ్యపుస్తకాలలో తగినంత ఉన్నందున ఇక్కడ విస్తరించడం లేదు.

ఇంతవరకు ద్రావణి ఏ చర్యను అడ్డుకుంటుందో చూచినాము. ఏ చర్యను పోషిస్తుందో చూడడానికి మన బల్ల మీద ఎప్పుడూ ఉండే మైలుతుత్తమే చాలు. దాని నీలివర్ణం కూడా నీటి చలవే, వేడి చేసి నీటిని పోగొడితే తెల్లబడుతుంది. నీటిలో రెండు ఆవేశాల రాగి అయాను ఒక ఎలక్ట్రాన్‌ను గ్రహించి ఒక ఆవేశపు అయానుగా మారడానికి ప్రమాణ పొటెన్షియల్ 0.15 వోల్టు. ఆ ఒక ఆవేశపు అయాను మరొక ఎలక్ట్రాన్‌ను గ్రహించి లోహమయ్యేందుకు 0.52 వోల్టు. అంటే మొదటి మెట్టు కన్నా రెండవ మెట్టు సులువు. అందుచేత నీటిలో ఒక ఆవేశపు రాగి అయాను పుట్టీ పుట్టగానే నశిస్తుంది, రెండు అయాన్లు కలిసి ఒకటి లోహంగా, ఒకటి రెండావేశాల అయానుగా విడిపోతాయి. ఇక నీటికి బదులు ఎసిటోనైట్రైల్ తీసుకోండి. దాని అణువులోని నైట్రోజన్ కొస ఒక ఆవేశపు రాగి అయానును గట్టిగా పట్టుకుంటుంది. నీటిలో క్షణం నిలవలేనిది ఇక్కడ నిశ్చింతగా బ్రతుకుతుంది. రాగి మారలేదు, చుట్టూ ఉన్నవారు మారినారు.

ద్రావణిని మార్చకుండా, కరిగిన పదార్థాన్ని మార్చి కూడా ఈ పని చేయవచ్చును. 1922లో ప్రాగ్‌లో యారొస్లావ్ హైరోవ్‌స్కీ కనిపెట్టిన పోలరోగ్రఫీ పద్ధతిలో, బొట్లు బొట్లుగా జారే పాదరసమే ఎలక్ట్రోడు. పొటాషియం నైట్రేటు కలిపిన నీటిలో రాగికి ఒకే తరంగం కనపడుతుంది. అమోనియా, అమోనియం క్లోరైడు కలిపితే రెండు తరంగాలు వస్తాయి, ఎందుకంటే అమోనియా ఒక ఆవేశపు అయానుకు ఆశ్రయమిస్తుంది. ఈ పద్ధతిలో పరీక్షించే అయానుకు 50 నుండి 100 రెట్లు ఎక్కువగా పొటాషియం క్లోరైడు వంటి లవణాన్ని కలుపుతారు. అది ఎలక్ట్రోడు వద్ద చర్యలో పాల్గొనదు. విద్యుత్తును మోసే భారమంతా తానే తీసుకుంటుంది. అప్పుడు రాగి అయాను విద్యుత్ క్షేత్రం లాగడం వలన కాక, కేవలం విసరణం వలన మాత్రమే పాదరసాన్ని చేరుతుంది. వచ్చే విద్యుత్తు రాగి గాఢతకు అనులోమానుపాతంలో ఉంటుంది. దీనిని ఆధార లవణం అనవచ్చును. హైరోవ్‌స్కీకి 1959లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన జేబులలో ఉన్న మొబైల్ ఫోను బ్యాటరీ కథ ఈ విషయానికి ఇంకా దగ్గరిది. అందులో రుణధ్రువం గ్రాఫైటు. చార్జి చేసినప్పుడు లిథియం అయాన్లు ద్రావణంలో నుండి వచ్చి గ్రాఫైటు పొరల నడుమ చేరుతాయి. ఈ చర్య జరిగే పొటెన్షియల్ లిథియం లోహపు పొటెన్షియల్‌కు దాదాపు సమీపంలో ఉన్నది గనుక నీటి మాట తలపెట్టనక్కర లేదు. మొదట తలపెట్టిన ద్రావణి ప్రొపిలీన్ కార్బొనేటు. రోధక స్థిరాంకం సుమారు 65, గడ్డకట్టేది -49 డిగ్రీల వద్ద. కాగితం మీద ఇంతకన్నా మంచి ద్రావణి దొరకదు. కాని అది లిథియంను విడిచిపెట్టక, తాను కూడా గ్రాఫైటు పొరలలో జొరబడి వాటిని రేకులు రేకులుగా ఊడదీసింది. 1980 ప్రాంతంలో మొరాకో దేశపు ఫెజ్ నగరంలో పుట్టిన రషీద్ యజమీ ఫ్రాన్సులో పనిచేస్తూ, ద్రవానికి బదులు ఘన పాలిమర్‌ను వాడి, లిథియం గ్రాఫైటులోనికి పోయి మళ్ళీ రాగలదని నిరూపించినాడు. అంటే దోషం గ్రాఫైటుది కాదు, ద్రావణిది. 1991లో విపణికి వచ్చిన సోనీ కంపెనీ బ్యాటరీలలో గ్రాఫైటుకు బదులు మరొక రకపు కర్బనాన్ని వాడవలసి వచ్చింది.

చివరకు పరిష్కారం ఇథిలీన్ కార్బొనేటు. ప్రొపిలీన్ కార్బొనేటుకూ దీనికీ భేదం ఒక మిథైల్ సమూహం మాత్రమే. గది ఉష్ణోగ్రత వద్ద ఇది ఘనపదార్థం, 36 డిగ్రీల వద్ద కరుగుతుంది, అందుకే మొదట దీనిని ఎవరూ ఆదరించలేదు. పలుచని మరొక కార్బొనేటుతో కలిపి వాడితే, మొదటి చార్జిలోనే ఇది కొద్దిగా విచ్ఛిన్నమై గ్రాఫైటు మీద కొన్ని పదుల నానోమీటర్ల మందం గల పొరగా ఏర్పడుతుంది. ఆ పొర లిథియం అయాన్లను పోనిస్తుంది, ద్రావణిని పోనివ్వదు. మరి ద్రావణి తన కిటికీకి వెలుపల పనిచేస్తున్నట్లే గదా అంటే, అవును, వెలుపలనే. తాను విచ్ఛిన్నమై తన విచ్ఛిన్నాన్ని తానే ఆపుకుంటున్నది. మా దృష్టిలో ఈ రంగం మొత్తంలో ఇంతకన్నా ఆశ్చర్యకరమైన సంగతి లేదు.

2015లో అమెరికాలో జరిగిన మరొక పరిశోధన మన విద్యార్థి ప్రశ్నను తిరిగి నీటి దగ్గరకే తెచ్చింది. ఒక కిలోగ్రాము నీటిలో ఒక ప్రత్యేకమైన లిథియం లవణాన్ని 21 మోల్‌లు కరిగించినారు. లెక్క కట్టండి: ఒక్కొక్క లిథియం అయానుకు మిగిలేది రెండున్నర నీటి అణువులకు కొంచెం పైన. దాదాపు ప్రతి నీటి అణువూ లిథియం కొలువులో చిక్కుకున్నది. స్వేచ్ఛగా తిరిగే నీరు లేనందువలనా, లవణమే ఎలక్ట్రోడు మీద రక్షణ పొర కట్టినందువలనా, కిటికీ సుమారు 3 వోల్టులకు విస్తరించింది.

ఇప్పటిదాకా విద్యుత్తు ప్రవహించే చర్యలను గురించి చెప్పినాము. ఇక విద్యుత్తు దాదాపు ప్రవహించని, కేవలం పొటెన్షియల్‌ను కొలిచే ఒక సందర్భం ఉన్నది. మన ప్రాంతానికి అదే ముఖ్యం. 1937లో నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధిని గురించి శాస్త్రీయంగా వ్రాసినారు. నల్గొండ జిల్లాలోనూ ఎన్నో గ్రామాలలో బావి నీళ్ళు త్రాగి తరతరాలుగా మనుషుల పళ్ళు గారకట్టి, ఎముకలు వంగిపోయినాయి. భారతీయ ప్రమాణాల ప్రకారం త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.0 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు అనుమతిస్తారు. దీనిని కొలవడానికి 1966 నుండి లాంథనం ఫ్లోరైడు స్ఫటికంతో చేసిన ఎలక్ట్రోడు ఉన్నది. నీటిలో ముంచి మిల్లీవోల్టులు చదివితే చాలునని అనిపిస్తుంది.

చాలదు. ఎలక్ట్రోడుకు తెలిసేది గాఢత కాదు, క్రియాశీలత. చుట్టూ ఇతర అయాన్లు ఎక్కువైన కొద్దీ ఫ్లోరైడు అయాను క్రియాశీలత తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో 1923లో డిబై, హ్యూకెల్ లెక్క కట్టినారు. ఒక బోరు నీటిలో అయానిక బలం 0.01 అనుకుందాము. అప్పుడు క్రియాశీలత, గాఢతలో సుమారు 90 శాతం. పోల్చి చూచే ప్రమాణ ద్రావణాన్ని స్వేదనజలంలో చేసి ఉంటే, నిజంగా లీటరుకు 1.6 మిల్లీగ్రాములున్న నీరు 1.44గా చూపుతుంది. ఉండరాని నీరు ఉండదగిన నీరుగా కాగితం మీదికి ఎక్కుతుంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడును తగ్గించే నల్గొండ పద్ధతిలో శుద్ధిచేసిన నీటికి ఇంకొక చిక్కు ఉన్నది. మిగిలిపోయిన అల్యూమినియం అయాన్లు ఫ్లోరైడుతో సంశ్లిష్టాలుగా కలుస్తాయి. అట్లా కలిసిన ఫ్లోరైడు నీటిలో ఉంటూనే ఎలక్ట్రోడుకు కనపడదు.

దీనికి నివారణ కూడా లవణమే. సోడియం క్లోరైడు, ఎసిటిక్ ఆమ్లం, సోడియం ఎసిటేటు, సిట్రేటు వంటి బంధకం కలిపిన బఫరును నమూనాకూ, ప్రమాణ ద్రావణానికీ సమాన పరిమాణంలో కలుపుతారు. ఉప్పు అధికంగా ఉన్నందున రెండింటిలోనూ అయానిక బలం ఒకటే అవుతుంది, నమూనాలో ముందు ఎంత లవణం ఉన్నదన్నది లెక్కకు రాదు. సిట్రేటు అల్యూమినియంను పట్టుకొని ఫ్లోరైడును విడిచిపెడుతుంది. బఫరు పి.హెచ్.ను 5, 5.5ల మధ్య నిలుపుతుంది. అంతకు తగ్గితే ఫ్లోరైడు ఆమ్లంగా మారి ఎలక్ట్రోడుకు దొరకదు, బాగా పెరిగితే హైడ్రాక్సైడు అయానును ఎలక్ట్రోడు ఫ్లోరైడుగా పొరబడుతుంది.

వచ్చే సంవత్సరం మా బి.ఎస్సీ. విద్యార్థులు తమ తమ గ్రామాల నుండి నీటి నమూనాలను తెస్తామన్నారు. వారికి ముందుగా ఒక మాట. 20 మిల్లీలీటర్ల నమూనాకు 20 మిల్లీలీటర్ల బఫరు, ప్రమాణ ద్రావణాలకూ అదే కొలత. నమూనాలను గాజు సీసాలలో కాక ప్లాస్టిక్ సీసాలలో తెండి. లీటరుకు 1, 10 మిల్లీగ్రాముల ప్రమాణ ద్రావణాలు రెండింటినీ మొదట కొలవండి. వాటి మధ్య భేదం 25 డిగ్రీల వద్ద 59 మిల్లీవోల్టులకు, మన వేసవిలో గది 35 డిగ్రీలకు చేరినప్పుడు 61కి దగ్గరగా ఉండాలి. 54 కన్నా తక్కువ వస్తే గ్రామపు నీటిని అప్పుడే ముట్టుకోవద్దు, ఎలక్ట్రోడును శుభ్రం చేసి, బఫరును కొత్తగా కలిపి, ప్రమాణ ద్రావణాలతో మళ్ళీ మొదలుపెట్టండి.